రిమోట్ ఎవరి చేతిలో ఉంది?

(నాందేడ్‌లో తెలుగు యువజన కూడికలో చేసిన ప్రసంగం)



కుటుంబంలో సమాధానం గురించి మాట్లాడమని నన్ను అడిగారు. నేను ఏసీ గురించి మాట్లాడతాను. నవ్వకండి. ఈ వేసవిలో ప్రార్థన కోసం వెళ్లిన ఇళ్లలో, ఏసీ ఉన్న చోటల్లా దాని మీద ఏదో ఒక తగాదా విన్నాను. మా ఇంట్లోనూ ఉంది. ముందు మాదే చెబుతాను.

రెండేళ్ల కిందట వాయిదాల మీద ఒకటిన్నర టన్నుల ఏసీ కొన్నాం. ఇల్లంతటికీ అదొక్కటే. మే నెలలో మన నాందేడ్‌లో 42, 43 డిగ్రీలు మామూలే కదా. రాత్రి అందరం ఆ గదిలోనే పడుకుంటాం. మా అబ్బాయి 18 పెడతాడు. మా అమ్మకు మోకాళ్లు పట్టేస్తాయి, రెండు దుప్పట్లు కప్పుకుంటుంది, పొద్దున ఎవరితోనూ మాట్లాడదు. నేను అర్ధరాత్రి లేచి, బిల్లు గుర్తొచ్చి 28 చేస్తాను. అబ్బాయి లేచి మళ్లీ తగ్గిస్తాడు.

ఒక నెల బిల్లు చూసి నేను అరిచాను. "కట్టేది నేను. నేను చెప్పినంతే పెట్టాలి" అన్నాను. అప్పుడు నా భార్య వంటగదిలోంచి వచ్చింది. కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "మీరంతా పడుకునే గదిలో ఎన్ని డిగ్రీలుండాలని కొట్లాడుకుంటున్నారు. నేను రోజుకు నాలుగు గంటలు పొయ్యి దగ్గర ఉంటాను. మంట ఆరిపోతుందని అక్కడ ఫ్యాన్ కూడా వేసుకోలేను. అక్కడ ఎన్ని డిగ్రీలో ఎప్పుడైనా అడిగారా?" అంది.

నేను అడగలేదు. న్యాయం గురించి ఊరూరా మాట్లాడేవాణ్ణి, నా ఇంటి వంటగదిలో ఎంత వేడి ఉందో నాకు తెలియదు.

ఆ రాత్రి నాకు అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం గుర్తొచ్చింది. యెరూషలేము సంఘంలో రోజూ ఆహారం పంచిపెట్టేటప్పుడు గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రకు సరిగా అందడం లేదని సణుగు పుట్టింది. అపొస్తలులు ఏం చేశారు? సణగడం పాపమని వాళ్ల నోరు మూయించలేదు. డబ్బు మా పాదాల దగ్గర పెట్టారు కాబట్టి మేం చెప్పినట్టే జరగాలి అనలేదు. ఏడుగురిని ఎన్నుకోమని సంఘానికే చెప్పారు. ఆ ఏడుగురి పేర్లు చూడండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. అన్నీ గ్రీకు పేర్లే. అంటే అన్యాయం జరిగిందని ఎవరి వైపు నుంచి మాట వచ్చిందో, పంచే గరిటె ఆ వైపు వాళ్ల చేతికే వెళ్లిందని నాకు అర్థమైంది.

మన ఇళ్లలో గరిటె లాంటిదే ఈ రిమోట్. అది ఎవరి చేతిలో ఉందో చూస్తే ఆ ఇంట్లో ఎవరి శరీరానికి విలువ ఉందో తెలుస్తుంది.

శరీరాలన్నీ ఒకటి కావు. ఆఫీసుల్లో చల్లదనం ఎంత ఉండాలో చెప్పే లెక్క 1960లలో తయారైంది. అందులో తీసుకున్న కొలత దాదాపు 40 ఏళ్ల, 70 కిలోల మగవాడి శరీరానిది. ఆ లెక్క ఆడవాళ్లకు సరిపోవడం లేదని 2015లో నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో ఇద్దరు డచ్ శాస్త్రవేత్తలు రాశారు. కాబట్టి మీ అమ్మ చలి అంటే అది చాదస్తం కాదు. నెలసరి ఆగే వయసులో ఉన్న తల్లికి ఒక్కసారిగా ఒళ్లంతా ఆవిర్లు వస్తే అది నటన కాదు.

ముసలివాళ్ల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. వయసు మీద పడితే చెమట తగ్గుతుంది, దాహం సరిగా తెలియదు. చల్లగాలి నేరుగా తగిలితే వాళ్లకు నొప్పులు వస్తాయి. అలాగని బిల్లు కోసం ఏసీ మొత్తం కట్టేస్తే వాళ్ల ప్రాణానికే ముప్పు. 2015 మే నెల మనవాళ్లు మరచిపోలేదు. ఆ ఏడాది వడగాలులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణవాళ్లే. వాళ్లలో ఎండలో పనిచేసే కూలీలు, వృద్ధులు ఎక్కువ. తల్లిని ఉక్కలో పడుకోబెట్టి పొదుపు చేశానని చెప్పుకోవడం పొదుపు కాదు.

ఇప్పుడు యౌవనస్థులకు కొన్ని లెక్కలు. 18 పెడితే గది త్వరగా చల్లబడుతుందని మీరనుకుంటారు. వేడెక్కిన గది 24కు దిగేదాకా, మీరు 18 పెట్టినా 24 పెట్టినా మిషన్ చేసే పని దాదాపు ఒకటే. తేడా ఆ తర్వాత వస్తుంది. 24 పెడితే అక్కడ కంప్రెసర్ నెమ్మదిస్తుంది. 18 పెడితే తిరుగుతూనే ఉంటుంది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. 18 నుంచి 24కు వస్తే దాదాపు మూడో వంతు. అందుకే 2020 జనవరి 1 నుంచి స్టార్ గుర్తు ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని ప్రభుత్వం నియమం పెట్టింది.

మన మహావితరణ్ బిల్లులో 100 యూనిట్ల దాకా ఒక ధర, 101 నుంచి 300 దాకా ఇంకో ధర, 301 నుంచి 500 దాకా మరో ధర, ఆ పైన ఇంకా ఎక్కువ. ఒకటిన్నర టన్నుల ఏసీ పూర్తి బలంతో గంట నడిస్తే సుమారు ఒకటిన్నర యూనిట్లు అవుతుంది. అదే కరెంటుతో మామూలు సీలింగ్ ఫ్యాన్లు ఇరవై గంటసేపు తిరుగుతాయి. నాన్న అరిచేది పిసినారితనంతో అనుకుంటారు. ఆయన నెత్తిన ఈ మెట్ల లెక్క ఉంది. కాని నాన్నగారూ, ఆ లెక్కను పిల్లలకు చూపించకుండా అరిస్తే వాళ్లకు అరుపే వినిపిస్తుంది, లెక్క వినిపించదు.

ఇక గోడ అవతలికి వెళ్దాం. మన గదిలోంచి తీసిన వేడి మాయమైపోదు. బయటి యూనిట్ దాన్ని సందులోకి వదులుతుంది. ఆ సందులో ఎవరి కిటికీ ఉందో చూశారా? ధర్మాబాద్, బిలోలి, దెగ్లూరు వైపు నుంచి వచ్చినవాళ్లు మనలో ఉన్నారు. రేకుల ఇంట్లో మే నెల మధ్యాహ్నం ఎలా ఉంటుందో వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. మన చల్లటి గాలి వెనకవైపు వాళ్ల ముఖానికి తగులుతోంది.

కరెంటు కూడా ఊరికే రాదు. మన దేశంలో ఎక్కువ భాగం బొగ్గు నుంచే వస్తోంది. బొగ్గు కేంద్రానికి నీళ్లు కావాలి. 2013 కరువులో నీళ్లు లేక మన మరాఠ్వాడాలోనే పరళి థర్మల్ కేంద్రం ఆగిపోయింది. 2016లో పక్కనున్న లాతూర్‌కు మిరజ్ నుంచి రైల్లో తాగునీళ్లు తెచ్చారు. ఇక్కడ కరెంటు వృథా చేయడమంటే ఎక్కడో ఒకరి బిందెలో నీళ్లు ఒలకబోయడమే. ద్రాక్షతోట ఉపమానంలో తెల్లవారి నుంచి పనిచేసిన కూలీలు ఎండ భరించామని యజమానితో మొరపెట్టుకున్నారు. ఆ ఎండ ఎంతటిదో తెలిసినవాడే యేసు ప్రభువు.

మా ఇంట్లో ఏం చేశామో చెప్పి ముగిస్తాను. మొదట వంటగదికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాం. వేసవిలో ఎండ ముదరక ముందే వంట అయిపోవాలి కాబట్టి, పొద్దున కూరగాయలు తరగడం నాదీ అబ్బాయిదీ. గది మంచాన్ని గాలి నేరుగా తగలని గోడకు జరిపాం. ఏసీ 25, పైన ఫ్యాన్. రెండు వారాలకోసారి ఫిల్టర్ కడగడం, మధ్యాహ్నం కిటికీకి మందపాటి తెర వేయడం కూడా ఉన్నాయి. రాత్రి రిమోట్ మా అమ్మ తలగడ కింద ఉంటుంది. ప్రతి ఆదివారం సాయంత్రం మీటరు చూసి నోటుబుక్కులో రాయడం అబ్బాయి పని. చల్లదనం ఎక్కువ కోరేవాడికి లెక్క ఇచ్చాం, ఎక్కువ బాధపడేవాళ్లకు రిమోట్ ఇచ్చాం.

గొడవ పూర్తిగా పోయిందని చెప్పను. మొన్న కూడా వాడు, "నానమ్మా, ఒక్క డిగ్రీ" అని బతిమాలుతున్నాడు. ఇంతకుముందు చీకట్లో ఎవరికీ తెలియకుండా మార్చేవాడు. ఇప్పుడు అడుగుతున్నాడు. ఆమె ఒక్కోసారి ఇస్తుంది, ఒక్కోసారి ఇవ్వదు.

ఏసీ ఉన్నవాళ్లైనా లేనివాళ్లైనా, ఈ రాత్రి ఇంటికి వెళ్లాక ఒక్క ప్రశ్న అడగండి: "మన ఇంట్లో వేడి ఎక్కువగా భరిస్తున్నది ఎవరు?" జవాబు వచ్చేదాకా ఆగండి. ఆ తర్వాత రేపు పొద్దున కూరగాయల కత్తి ఎవరు పట్టుకోవాలో మీకే తెలుస్తుంది.

ప్రభువు మన ఇళ్లను దీవించును గాక. ఆమేన్.