మోతికి జొన్న బిళ్ళలు

(మన సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో ఎప్పుడూ పింఛను సవరణ, కరువు భత్యం బకాయిలు, ఆరోగ్య కార్డులు, నవంబరు రాగానే జీవన ప్రమాణ పత్రాలు, వీటి మీదనే మాట్లాడుకుంటాము. ఈసారి మన కార్యదర్శి గారు ఒక నియమం పెట్టినారు. ఎవరికి చేతనైన పని గురించి వారు పదిహేను నిమిషాలు చెప్పాలన్నారు. ముప్పై ఆరేండ్లు గుమాస్తాగా పని చేసిన నాకు చేతనైన పని ఫైలు కుట్టడం, నోటు వ్రాయడం. కంప్యూటర్లు వచ్చిన తరువాత ఆ దారపు ఉండలతో, దబ్బనంతో ఎవరికీ పని లేకుండా పోయింది. రిటైరైన తరువాత నేను కొత్తగా నేర్చుకున్న విద్య ఒక్కటే ఉన్నది. అది కుక్కకు ఇంట్లోనే చిరుతిండి చేయడం. నవ్వండి, ఫరవాలేదు. మా ఇంట్లో కూడా మొదట నవ్వినారు.

మాది ఏర్గట్ల. 2016 అక్టోబరులో మండలం అయింది, అంతకు ముందు మోర్తాడ్ మండలంలో ఉండేది. పసుపు, మక్కలు, ఎర్రజొన్న పండే నేల. మా చిన్నవాడు 2014లో దుబాయి పోతూ ఒక కుక్కపిల్లను ఇంట్లో వదిలిపెట్టి పోయినాడు. జాతి కుక్క కాదు, ఊరకుక్కే. మోతి అని పేరు పెట్టినాడు. వాడు ఫోను చేసినప్పుడు తల్లి బాగున్నదా అని అడిగిన తరువాత మోతి బాగున్నదా అనేవాడు. నా సంగతి మూడవది.

నా శ్రీమతికి రోజూ పొద్దున జొన్న రొట్టెలు చేసే అలవాటు. చివరి ముద్దను పక్కకు పెట్టి, అందులో కొంచెం ఉడికిన గుమ్మడికాయో గెనుసుగడ్డో పిసికి, ఉప్పు వేయకుండా, చిన్న మందపాటి రొట్టె చేసి పెంక మీద సన్న సెగన వదిలేది. అది ఎండి గట్టిపడిన తరువాత ముక్కలు చేసి ఒక పాత పాలపొడి డబ్బాలో వేసేది. మనం తినే కూర ఇంత కలిపి పెడితే సరిపోదా అని నేను ఒకటి రెండుసార్లు అన్నాను. "దాని రొట్టె దానికే, మీ కూర మీకే" అని ఊరుకునేది. ఎందుకని నేను అడగలేదు. ఆఫీసులో ప్రతి కాగితానికి ఎందుకు, ఏమిటి అని కొర్రీలు వేసిన మనిషిని, ఇంట్లో అయిదేండ్లు ఒక పని కండ్ల ముందర జరుగుతుంటే ఒక్క కొర్రీ వేయలేదు.

2019లో ఆమె కాలం చేసింది. తడపాకల్ వద్ద గోదావరిలో చేయవలసినవి చేసి వచ్చినాము. పదకొండు దినాల తరువాత చుట్టాలు ఎవరి ఊళ్లకు వాళ్లు పోయినారు. ఇంట్లో నేను, మోతి మిగిలినాము. పెద్ద కోడలు నిజామాబాదుకు రమ్మని ఎంతో చెప్పింది. కుక్కను ఎవరికి అప్పగించి రావాలె అన్నాను. కుక్క తోక పట్టి గోదావరి ఈదినట్లు ఈ కుక్కను పట్టుకొని ఎన్నాళ్లు ఉంటావని మా బావమరిది కోప్పడినాడు కూడా.

ఒంటరి మగవాని వంట మీకు తెలిసిందే. అన్నం, పచ్చిపులుసు. ఎవరైనా పంపితే మాంసం కూర. నేను తిన్నదే మోతికి కలిపి పెట్టినాను. ప్రేమగానే పెట్టినాను. నాకంటె ముందు దానికే పెట్టినాను. అయిదారు వారాలు గడిచేసరికి అది గడప దాటి లేవలేదు. ఆయాసపడుతున్నది. మూత్రం గోధుమ రంగులో పోతున్నది. చిగుళ్లు ఎర్రగా ఉండవలసినవి సున్నం కొట్టినట్లు తెల్లబడినవి. ఇది కూడా ఆమె కోసం బెంగ పెట్టుకున్నదని ఊరివాళ్లు అన్నారు, నేనూ అదే అనుకున్నాను. అట్లా అనుకొని రెండు రోజులు ఊరికే కూర్చున్నాను. ఆ రెండు రోజుల సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

మూడవ రోజు ఆటోలో వేసుకొని పశువైద్యశాలకు తీసుకొని పోయినాను. డాక్టరు గారు చిగుళ్లు చూచి, "ఈ నెల రోజులు ఏమేం పెట్టిన్రో అంతా రాసియ్యున్రి సారూ" అన్నారు. వ్రాయడం నాకు కష్టమా? తేదీల వారీగా పట్టిక గీసి ఇచ్చినాను. ఆయన ఎర్ర పెన్ను తీసి ఒక్కొక్క వరుసలో ఒక మాట చుట్టూ సున్న చుట్టుకుంటూ పోయినారు. పచ్చిపులుసులో ఉల్లిగడ్డ, మాంసం కూరలో ఉల్లిగడ్డ, పప్పు తాలింపులో ఎల్లిగడ్డ. పట్టిక నిండా ఎర్ర సున్నలే. ఉల్లిగడ్డలోని పదార్థాలు కుక్క రక్తంలోని ఎర్ర కణాలను పగులగొడతాయని, పచ్చిదైనా ఉడికినదైనా ఎండబెట్టిన పొడి అయినా అంతేనని, ఎల్లిగడ్డ కూడా అదే కోవకు చెందినదని, మనిషికి మేలు చేసేది ఆ జీవికి విషమని ఆయన వివరించినారు. నా సర్వీసులో ఎన్నో మెమోలు అందుకున్నాను గాని, నా దస్తూరీతో నేనే వ్రాసి ఇచ్చిన ఇటువంటి మెమో అదొక్కటే.

మోతి బ్రతికింది. సూదులు, మందులు, మూడు వారాల పథ్యం. డాక్టరు గారు చెప్పిన పథ్యం వింటుంటే నాకు నోట మాట రాలేదు. ఉప్పు లేని జొన్న రొట్టె, ఉడికిన గుమ్మడికాయ, గెనుసుగడ్డ. ఆ పాలపొడి డబ్బాలో ఉండినవి అవే. శాస్త్రం తెలిసి చేసిందో, తన తల్లి చేయగా చూచి చేసిందో, అడిగి తెలుసుకొనే వేళ దాటిపోయింది. ఆ డబ్బా ఖాళీగా అటక మీద ఉన్నది. దింపి, కడిగి, ఎండబెట్టినాను. డెబ్బైకి దగ్గర పడిన వయసులో మొదటిసారి పిండి కలిపినాను.

ఇక పని లోకి వస్తాను. అమ్మలు తప్పులుంటే సవరించగలరు.

మొదటిది జొన్న బిళ్ళలు. జొన్న పిండి రెండు గ్లాసులు, ఉడికించి మెదిపిన గెనుసుగడ్డ లేదా గుమ్మడికాయ ఒక గ్లాసు, ఒక కోడిగుడ్డు. ఉప్పు, కారం, చక్కెర, బెల్లం ఏదీ వద్దు. గోరువెచ్చని నీరు చిలకరిస్తూ గట్టిగా పిసకాలి. జొన్న పిండికి గోధుమ పిండి వలె సాగే గుణం లేదు గనుక మెదిపిన గడ్డ, గుడ్డు కలిసి దానిని పట్టి ఉంచుతవి. చిటికెన వేలి మందంలో సగం ఉండేటట్లు తట్టి, చాకుతో రూపాయి బిళ్ళంత ముక్కలు గీయాలి. పెంక మీద సన్న సెగన మూతపెట్టి ఒక్కొక్క వైపు పది నిమిషాలు కాల్చి, పొయ్యి ఆర్పి, పెంక చల్లారే దాకా దాని మీదనే వదలాలి. తరువాత పలుచటి గుడ్డ కప్పి ఒక పూట ఎండలో పెట్టాలి. విరిస్తే టక్కున చప్పుడు రావాలి. వంగితే లోపల తడి ఉన్నట్లే, బూజు పడుతుంది. మూత గట్టి డబ్బాలో వారం రోజులు, వానకాలంలో అయితే మూడు రోజులు ఉంచవచ్చు. జొన్నలు లేకుంటే తైదల పిండితో కూడా వస్తవి.

రెండవది కార్జం ముక్కలు. మాంసం తినే ఇండ్లకే ఇది. కోడి కార్జం పావు కిలో కడిగి, ఉత్త నీళ్లలో ఉడికించి, గోరంత ముక్కలు చేసి పెంక మీద తడి ఆరేదాకా వేయించాలి. నూనె వద్దు. ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది. కుక్కకు ఇది అమృతం, అందుకే జాగ్రత్త అవసరం. కార్జంలో ఏ విటమిను ఎక్కువ. అది ఒంట్లో పేరుకుంటే ఎముకలకు చేటు. వారానికి ఒకటి రెండుసార్లు, అదీ రెండు మూడు ముక్కలు. మందు మింగించాలన్నా, సూది వేయించాలన్నా ఈ ముక్క చేతిలో ఉంటే పని సులభం.

మూడవది ఎండకాలానిది. మన నిజామాబాదు ఎండలు మీకు చెప్పాలా? గింజలు తీసిన పుచ్చకాయ ముక్కలు, నీళ్లు కలిపిన పెరుగు మంచుగడ్డల పెట్టెలో పోసి గడ్డ కట్టించి మధ్యాహ్నం ఒకటి రెండు ఇస్తే చాలు. కొన్ని కుక్కలకు పాలు అరగవు. పెరుగు కొంత నయం. మొదట ఒక చెంచాతో పరీక్షించుకోవాలి.

ఎంత పెట్టాలి అనేది ముఖ్యం. చిరుతిండి ఏదైనా కుక్క రోజు తిండిలో పదవ వంతు దాటరాదని పశువైద్యులు చెప్తారు. మన ఊరకుక్కకు నాలుగైదు చిన్న బిళ్ళలు. మోతికి నేను ఒక నోటు పుస్తకం పెట్టినాను, ఆవక జావక రిజిస్టరు వలె. మనవరాలు సెలవులకు వచ్చినప్పుడు దొంగచాటుగా పెట్టినవి కూడా అందులో ఎక్కుతవి.

పెట్టకూడనివి చదువుతాను, దయచేసి వ్రాసుకోండి. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ. చాక్లెట్టు. ద్రాక్ష, కిస్‌మిస్. చక్కెర లేని మిఠాయిలలో, చూయింగ్ గమ్ములలో వాడే జైలిటాల్ అనే తీపి పదార్థం. మనలో చక్కెర వ్యాధి ఉన్నవాళ్ల జేబుల్లో ఇటువంటివి ఉంటవి, చూచుకోవాలి. ఉడికిన ఎముకలు. అవి సూదుల వలె చీలి పేగులను గాయపరుస్తవి. గింజలు ఒలిచిన మక్క కంకి బెండు, మామిడి టెంక. ఇవి మింగితే పేగులో అడ్డం పడతవి, ఆపరేషను దాకా పోతుంది. బూజు పట్టిన పల్లీలు, మక్కలు. వీటిలోని విషం కాలేయాన్ని తింటుంది. మనుషులు తినరని కుక్కలకు వేయడం మన పల్లెల్లో మామూలు. అది మానాలి. సకినాలు, గారెలు పండుగ నాడు ఒక్క ముక్క అంటారు. ఉప్పు, నూనె, గారెల్లో మళ్లీ ఉల్లిగడ్డ. వద్దు.

అంగట్లో దొరికే బిస్కట్లు ఉండగా ఈ శ్రమ ఎందుకని అడుగుతారు. కుక్క బిస్కట్టు పుట్టింది 1860 ప్రాంతంలో లండన్‌లో. జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికా దేశస్థుడు గోధుమ పిండి, కూరగాయలు, మాంసపు సారం కలిపి అమ్మినాడు. మంచివి ఇప్పుడు కూడా ఉన్నవి, నేను కాదనను. ధర చూచినప్పుడు మాత్రం నాకు మన కరువు భత్యం బకాయిలు గుర్తుకు వస్తవి. మనుషుల బిస్కట్లు పెట్టేవారు మైదా, చక్కెర పెడుతున్నామని గుర్తించాలి.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో బోధన్ తాలూకా కచేరీలో ఉన్నాను. 1937లో నెలకొల్పిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ అప్పుడు ముమ్మరంగా నడిచేది. చెరకు బండ్లు రాత్రంతా వరుసలో నిలిచేవి. ప్రతి బండి కింద ఒక కుక్క పడుకునేది. బండివాడు సద్ది మూట విప్పి మొదట రొట్టె తుంచి కిందికి వేసి, తరువాత తాను తినేవాడు. ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. ఆ బండ్లు అంతకు ముందే పోయినవి. ఆ రొట్టె ముక్క మాత్రం నాకు గుర్తున్నది. ధర్మరాజు కుక్కను విడిచి స్వర్గానికి రానన్నాడని పురాణ కాలక్షేపాల్లో విన్నాము. దారి పొడవునా దానికి ఏమి పెట్టినాడో ఎవరూ చెప్పలేదు. ఏ జొన్న రొట్టెనో అయి ఉంటుందని నా ఊహ.

వీధి కుక్కల గురించి ఒక్క మాట. జాలితో పెట్టేవారు పిల్లలు బడికి పోయే దారిలో, గుడి ముందర, ఇతరుల గడపల్లో పెట్టరాదు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా వీటికి మేత పెట్టడానికి ప్రత్యేక స్థలాలు ఏర్పాటు చేయాలన్నది. ఇంటి కుక్కకు ఏటేటా రేబిస్ టీకా వేయించండి. ఏ కుక్క కరచినా, గీరినా వెంటనే సబ్బుతో పదిహేను నిమిషాలు నీటి ధార కింద కడిగి ఆసుపత్రికి పోవాలి. పసుపు, సున్నం, కారం పెట్టి ఇంట్లో కూర్చోరాదు. పసుపు మన పంట అయినా ఈ మాట చెప్పక తప్పదు. బొడ్డు చుట్టూ సూదులని మన తరం భయపడేది. ఆ పాత టీకా మన దేశంలో 2005 నాటికే ఆగిపోయింది. ఇప్పుడు చేతికే వేస్తారు. ఆలస్యం చేసి రేబిస్ లక్షణాలు బయటపడితే మాత్రం మందు లేదు.

మోతికి పదకొండేండ్లు దాటినవి. నా వలెనే దానికీ పండ్లు ఊడినవి. ఇప్పుడు బిళ్ళలను వేడినీళ్లలో నానబెట్టి పెడుతున్నాను. పొద్దున నాలుగున్నరకు నేను లేవకుంటే వచ్చి మంచం కోడు గీరుతుంది. ఆమె పోయిన తరువాత కొన్నాళ్లు నాకు పొద్దున లేవాలని అనిపించేది కాదు. ఆ మాట పిల్లలకు కూడా నేను చెప్పలేదు. దీనికి రొట్టె కాల్చాలని లేచినాను, దానితో పాటు నాకూ రెండు కాల్చుకున్నాను. ఒంటరిగా ఉన్న మన సభ్యులు చాలామంది ఈ సభలో ఉన్నారు. అందరూ కుక్కను పెంచమని నేను అనను. అది చాకిరి, ఖర్చు, మనకు ఏమైనా అయితే దానిని చూచేవారెవరని ముందే మాట్లాడి పెట్టుకోవలసిన బాధ్యత. నేను పెద్ద కొడుకుతో మాట్లాడి, ఆ నోటు పుస్తకం ఎక్కడ ఉన్నదో చూపించినాను. మొదటి పేజీలో పెట్టకూడనివన్నీ ఎర్ర సిరాతో వ్రాసి ఉన్నవి.

ఇంట్లో ఎవరైనా ఒక పనిని ఏండ్ల తరబడి ఒకే తీరుగా చేస్తుంటే, వారు ఉండగానే అడిగి తెలుసుకోండి. నేను మీకు చేసే మనవి ఇదే.

చివరగా, ఒక డబ్బా జొన్న బిళ్ళలు తెచ్చి బల్ల మీద పెట్టినాను. కుక్కలున్నవారు తలా నాలుగు తీసుకొని పోండి. ఇందాక టీ సమయంలో మన మిత్రుడొకరు తెలియక రెండు తిన్నారు. వారేమీ కంగారు పడనక్కర లేదు. ఉప్పు తక్కువైందని మాత్రం అన్నారు. అసలు వేయనే లేదు.