ప్రజల బండి, ప్రజల పద్దు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



జర్మను భాషలో 'ఫోక్' అనగా ప్రజలు, 'వాగన్' అనగా బండి. ఈ రెండు మాటల కూడికయే ఫోక్స్‌వాగన్. ఆ పేరుగల సంస్థ నేడు పలురకముల కార్లను చేయుచున్నది గాని, మొదట ఆ పేరు ఒక్క బండికే చెల్లెను. ముందు వెనుకలు గుండ్రముగా వంగి, వీపుపై పెంకు కప్పినట్లుండుటచే లోకులు దానికి పెంకుపురుగని పేరు పెట్టిరి. ఆంగ్లేయులు 'బీటిల్' అన్నను, జర్మనులు 'కేఫర్' అన్నను అర్థము అదియే. 2003 జూలై 30న మెక్సికో దేశమందలి ప్యూబ్లా కర్మాగారమున కడపటి బండి వెలువడునాటికి మొత్తము 2,15,29,464 బండ్లు తయారయ్యెను. ఈ బండి యంత్రనిర్మాణమును గూర్చి చెప్పువారు పెక్కుమంది కలరు. దాని వెనుకనున్న జమాఖర్చులను గూర్చి చెప్పువారు తక్కువ.

1930 ప్రాంతమున జర్మనీలో కారు ధనికుల సొత్తు. సామాన్యునికి మోటారుసైకిలు దొరికినచో అదియే భాగ్యము. 1933లో అధికారమునకు వచ్చిన హిట్లరు, వేయి మార్కులకు లోపు ధరలో ప్రజలకు కారు కావలెనని పట్టుపట్టెను. 1934 జూన్ 22న మోటారు తయారీదారుల సంఘము ఫెర్డినాండ్ పోర్షె అను ఇంజనీరుతో ఒడంబడిక చేసికొనెను. భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు కూర్చుండవలెను. గంటకు 100 కిలోమీటర్లు పోవలెను. కొనువానికి కారు నిలుపుకొను కొట్టము ఉండదు గనుక, రాత్రియెల్ల మంచులో నిలిచినను తెల్లవారి కదలవలెను. ఇంజనును చల్లబరచుటకు నీరు వాడినచో చలికాలమున అది గడ్డకట్టి ఇంజనును పగులగొట్టును. అందుచే నీటికి బదులు గాలితోనే చల్లబరచు ఇంజనును నిర్మించి బండి వెనుక భాగమున అమర్చిరి. ముందునుండి వెనుకచక్రముల వరకు పొడవాటి ఇరుసుకడ్డీ అక్కరలేక పోయినందున బరువును, ఖర్చును తగ్గెను.

ఈ రూపకల్పన అంతయు పోర్షె ఒక్కని బుద్ధియే అనుట న్యాయము కాదు. చెకోస్లొవేకియాలోని టాట్రా సంస్థలో హాన్స్ లెడ్వింకా ఇట్టి బండ్లను అంతకుముందే చేసెను. యోసెఫ్ గాంజ్ అను పత్రికా సంపాదకుడు ప్రజలకు తేలికైన కారు కావలెనని వ్రాయుటయే గాక, 1931లోనే నమూనా చేసి నడిపి చూపెను. అతడు యూదుడైనందున 1934లో దేశము విడువవలసి వచ్చెను; 1967లో ఆస్ట్రేలియాలో మరణించెను.

ఇక పద్దు సంగతి. 1933 మే నెలలో నాజీలు కార్మిక సంఘములను రద్దుచేసి వాని ఆస్తులను జప్తు చేసిరి. ఆ ఆస్తులు చేజిక్కించుకొనిన 'శ్రామిక సమితి'యే, వానిని అమ్మగా వచ్చిన ధనముతో కారు కర్మాగారమును తలపెట్టెను. 1938 మే 26న ఫాలర్స్‌లెబెన్ వద్ద శంకుస్థాపన జరిగెను. కూలివాని సొమ్ముతో కట్టిన కర్మాగారములోని కారును మరల కూలివానికే అమ్మజూపిరన్నమాట!

అమ్మకపు పద్ధతి కూడ వినదగినది. గ్రామములలో చీటీలు కట్టువారికి ఇది వెంటనే తెలియును. కొనదలచినవానికి ఒక పుస్తకము ఇత్తురు. వారమునకు 5 మార్కులకు తక్కువ గాకుండ చెల్లించి, తపాలా బిళ్ళ వంటి బిళ్ళను తెచ్చి అందు అంటించుకొనవలెను. కారు ధర 990 మార్కులు. 5 మార్కుల లెక్కన 198 వారములు, అనగా మూడు సంవత్సరముల పది మాసములు. భీమా, రవాణా ఖర్చులు వేరు. కట్టిన సొమ్మునకు వడ్డీ లేదు; సొమ్ము తిరిగి అడుగరాదు; పుస్తకమును మరియొకరికి బదలాయింపరాదు. చీటీ నడుపువాడు ఇట్టి షరతులు చెప్పినచో ఏ ఊరివారును అతని గడప త్రొక్కరు. కాని చెప్పినది ప్రభుత్వ పక్షము గనుక 3 లక్షల 36 వేలమందికి పైగా చేరిరి. వారిలో కూలీలకంటె ఉద్యోగులే ఎక్కువ.

1939 సెప్టెంబరులో యుద్ధము వచ్చెను. కర్మాగారము సైన్యమునకు బండ్లు చేయసాగెను. యుద్ధము ముగియులోపల పౌరుల నమూనా బండ్లు 630 మాత్రమే తయారయ్యెను. అవియు అధికారులకు, పలుకుబడి గలవారికి పోయెను. బిళ్ళలు అంటించినవారిలో ఒక్కనికిని కారు రాలేదు. అటు సొమ్మును లేక, ఇటు బండియు లేక ఆ పుస్తకములు త్రిశంకువువలె నిలిచిపోయెను.

ఆ కర్మాగారమున యుద్ధకాలమందు సుమారు 20,000 మంది బలవంతముగా పనిచేయింపబడిరి. వారు పోలెండు, రష్యా, ఫ్రాన్సు మొదలగు దేశములనుండి తేబడినవారు, యుద్ధఖైదీలు, నిర్బంధ శిబిరములలోని వారు. వారి స్త్రీలకు పుట్టిన పసిబిడ్డలను తల్లులనుండి వేరుచేసి ఉంచిన ఆవరణమున మూడువందలమందికి పైగా శిశువులు ఆలనాపాలన లేక మరణించిరి. దీనికి బాధ్యుడైన వైద్యుని బ్రిటిషు న్యాయస్థానము విచారించి మరణశిక్ష విధించెను.

1945లో ఆ ప్రాంతము బ్రిటిషువారి వశమయ్యెను. ఊరికి వోల్ఫ్స్‌బర్గ్ అని క్రొత్తపేరు పెట్టిరి. ఆగస్టులో వచ్చిన మేజర్ ఐవాన్ హర్స్ట్, బాంబుదెబ్బలు తిన్న ఆ కర్మాగారమును పడగొట్టనీయక, తమ సైన్యమునకే బండ్లు కావలెనని పై అధికారులకు చెప్పి 20,000 బండ్లకు ఉత్తరువు సంపాదించెను. పైకప్పులు చిల్లులుపడి, ఉక్కు కరవై, పనివారికి తిండి చాలని ఆ రోజులలో 1946 అక్టోబరునాటికి 10,000వ బండి వెలువడెను. బ్రిటిషు కార్ల తయారీదారులు వచ్చి పరీక్షించి, ఈ బండి కొనువారిని ఆకర్షింపదని త్రోసివేసిరి.

1948 జనవరిలో హైన్జ్ నోర్డ్‌హాఫ్ సంస్థకు అధిపతి అయ్యెను. ఏటేట రూపు మార్చుట కాక, రూపును అట్లే ఉంచి లోపలి భాగములను బాగుచేయుట అతని పద్ధతి. రెండు ముక్కలుగా నున్న వెనుక అద్దము 1953లో ఒక్కటయ్యెను. పెట్రోలు ఎంత ఉన్నదో చూపు ముల్లు 1961 వరకు లేనే లేదు! ఇంజను తడబడినపుడు కాలితో మీటను త్రిప్పినచో నిలువ ఉంచిన కొద్దిపాటి పెట్రోలు వచ్చుచుండెడిది. 1955 ఆగస్టు 5న పదిలక్షలవ బండి వచ్చెను. 1972 ఫిబ్రవరి 17న 1,50,07,034వ బండితో ఫోర్డువారి 'టి' నమూనా కారును మించెను. జర్మనీలో తయారీ 1978లో నిలిచినను మెక్సికోలో సాగెను. ఆ దేశ రాజధానిలో టాక్సీవారు ముందుసీటు ఒకటి ఊడబెరికి, ప్రయాణికులు సులభముగా వెనుకకు చేరుటకు దారి చేసెడివారు.

కుబేరుని పుష్పకము రావణుని పాలై, రావణవధానంతరము రామచంద్రుని అయోధ్యకు చేర్చి, తుదకు కుబేరునికే తిరిగి చేరెను. ఈ బండియు దుష్టులచేత పుట్టి సామాన్యుల చేతికి వచ్చెను. భేదమొక్కటే: కుబేరునికి తనది తనకు చేరెను, పుస్తకములవారికి చేరలేదు. వారి సొమ్ము బెర్లినులో శ్రామిక సమితి బ్యాంకునందుండగా రష్యా సేనలు స్వాధీనపరచుకొనెను. ఒప్పందము శ్రామిక సమితితోనే గాని మాతో కాదని కారు సంస్థవారు వాదించిరి. ఏండ్లతరబడి న్యాయస్థానములలో నలిగి, 1961లో రాజీ కుదిరెను. పూర్తిగా చెల్లించినవానికి క్రొత్త కారు ధరలో 600 మార్కుల వరకు తగ్గింపు. కారు వలదన్నచో 100 మార్కుల నగదు.

1948లో నాణెము మారినపుడు బ్యాంకులలోని పాత మార్కులకు నూటికి పదికంటె తక్కువే క్రొత్త మార్కులు వచ్చెను గనుక, 990కి 100 అన్యాయము కాదని సంస్థ పక్షమున చెప్పవచ్చును. కాని ఆ జనులు బ్యాంకులో సొమ్ము దాచుకొనలేదు. కారునకు వెల చెల్లించిరి. ఆనాటికి అదే కర్మాగారము ఏటికి లక్షల కార్లు చేయుచుండెను.

బలవంతపు కూలీల పద్దు అంతకంటె ఆలస్యముగా తెరువబడెను. 1998లో సంస్థ 2 కోట్ల మార్కులతో నిధి ఏర్పరచి, జీవించియున్న వారికి తలకు 10,000 మార్కుల చొప్పున ఇచ్చెను. 26 దేశములలో 2,000 మందికి పైగా దానిని పుచ్చుకొనిరి. యుద్ధము ముగిసి అప్పటికి 53 సంవత్సరములు. పనిచేసిన 20,000 మందిలో తక్కినవారు చాలవరకు గతించియుండిరి.