రేడియో తీగకు పట్టువిడుపులు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

కావ్యప్రసంగములు వినవచ్చిన పెద్దలకు రాగితీగను గూర్చిన ముచ్చట వింతగా తోపవచ్చును. కాని కురుక్షేత్రవార్తను ధృతరాష్ట్రునకు వినిపించిన సంజయునికి దివ్యదృష్టి యెట్టిదో, దూరవార్తను గ్రహించు అమెచ్యూర్ రేడియోకు ఏరియల్ తీగ యట్టిది.

2004వ సంవత్సరము డిసెంబరు ఆరంభమున, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ పక్షమున శ్రీమతి భారతీప్రసాద్ గారి బృందము అండమానులోని పోర్టుబ్లెయిరున రేడియో కేంద్రమును నెలకొల్పెను. దేశదేశముల హామ్‌లతో సంభాషించుటయే అప్పటి పని. 26వ తేదీ యుదయమున భూకంపము, వెంటనే సునామీ వచ్చెను. టెలిఫోనులు మూగవోయినవి. దీవులలోని వారి క్షేమసమాచారమును ఈవలి తీరమునకు చేర్చుటకు ఆ రేడియో అక్కరకు వచ్చెను. ఇల్లు అంటుకొన్న పిదప బావి త్రవ్వినట్లు, ఆపదవేళ తీగ కట్ట మొదలిడిన ఫలమేమి? అది ముందే నిలిచియుండవలెను.

నిలుపుట యెట్లు? బలము చాలునని తలచుట పొరపాటు. పోల్డూలో మార్కోనీ నిలిపిన 20 ఎత్తైన స్తంభములు 1901 సెప్టెంబరు గాలివానకు కూలినవి. అదే యేడు డిసెంబరు 12న సముద్రమున కావలియొడ్డున, న్యూఫౌండ్‌లాండులో, ఆయన గాలిపటమునకు కట్టిన తీగతోనే సంకేతమును వినెను.

లెక్క చూడుడు. 80 మీటర్ల తరంగమునకు అందులో సగము, అనగా సుమారు 40 మీటర్ల తీగ కావలయును. 2 మిల్లీమీటర్ల మందపు రాగితీగ అంత పొడవునకు కిలో పైచిలుకు మాత్రమే తూగును. దానిని నడుమ 1 మీటరు జారనిచ్చి కట్టినచో కొనలయందు లాగుడు 5.6 కిలోలు. జారుడు అర మీటరైన 11 కిలోలు దాటును. పావు మీటరైన 22 కిలోలు మించును. నిటారుగా చేయగోరిన కొలది తీగయే తన్ను తాను త్రెంపుకొనును. నడుమ కేబులు వ్రేలాడినచో మరింత జారనియ్యవలెను.

చెట్టునకు కట్టునపుడు ముడి వేయరాదు. గాలికి చెట్టూగును, తీగ తెగును. తీగకొనకు పింగాణి గుడ్డును, దానికి త్రాడును తగిలించి, కొమ్మకు కట్టిన కప్పీమీదుగా దింపి, ఆరు కిలోల రాళ్లు నింపిన బకెట్టు వ్రేలాడదీయవలెను. చెట్టూగినపుడు బకెట్టు లేచి దిగును, తీగ మాత్రము నిలుచును. బకెట్టు క్రింద పిల్లలను నిలువనీయరాదు.

చెట్టు లేనిచోట స్తంభము నాటవలెను. గుడిలో ధ్వజస్తంభము నెత్తునపుడు నలుదిక్కుల త్రాళ్లు పట్టుట చూడనివారెవరు? దీనికిని మూడు దిక్కుల సమదూరమున త్రాళ్లు బిగింపవలెను. స్తంభము ఎత్తులో మూడింట రెండువంతుల దూరమున మేకులు పాతిన మేలు. ఒకే త్రాటిని బిగించి తక్కినవి వదలిన, స్తంభము వంగును.

పైనున్న దానికి ఊత లేకున్న నేమగునో బాయిలో దిగు మందమర్రి శ్రామికునకు వేరొకరు చెప్పనక్కరలేదు. అతనికి తెలిసిన జాగ్రత్తయే ఇచటను చాలును. స్తంభము కూలినను కరెంటుతీగను తాకని దూరమున నాటవలెను. కరెంటుతీగ మీదుగా ఏరియల్‌ను విసరుట మృత్యువును పిలుచుటయే. ఉరుములు మొదలు కాకమునుపే రేడియోను తీగనుండి విడదీయవలెను. తీగకు భూమితో సంబంధమును ముందే కల్పింపవలెను.

ప్రసారమునకు కేంద్రప్రభుత్వపు పరీక్షయు లైసెన్సును అవసరము. యువకులు గ్రంథాలయమున విద్యుత్తును గూర్చిన పుస్తకములు చదివి అందుకు సిద్ధపడవచ్చును. తెగేదాకా లాగరాదని పెద్దలు సంసారమునకు చెప్పిన మాట రేడియో తీగకును చెల్లును. బిగువు కొంత, విడుపు కొంత యున్న తీగయే గాలివాన నాటి రాత్రి పొరుగువాని పిలుపును మోసికొని రాగలదు.