సేద్యపు లెక్క - విశ్వవిద్యాలయపు చదువు



వ్యవసాయార్థశాస్త్రము చదువుచున్నానని చెప్పిన విద్యార్థిని మన గ్రామములలో పెద్దలు ఒక ప్రశ్న అడుగుట కద్దు. "నాగలి పట్టుట నేర్పరు, కొట్టు నడుపుట నేర్పరు. మరి ఆ చదువు ఎందులకు?" అని. నన్ను మా తండ్రిగారే ఈ ప్రశ్న అడిగిరి. నేడు ఈ ప్రసంగమున ఆ ప్రశ్నకు సమాధానము చెప్ప యత్నింతును.

కళాశాలలో నా మొదటి వేసవి సెలవులకు ముందు మా ఆచార్యులు ఒక పని యప్పగించిరి. ఎవరి యింటి సేద్యపు లెక్క వారు వ్రాసి తేవలెను. మా తండ్రిగారు విత్తనము, ఎరువు, కూలి, కోత, నూర్పిడి అన్నియు వ్రేళ్లమీద లెక్కించి చెప్పిరి. నేను వ్రాసికొంటిని. పంట అమ్మగా వచ్చిన సొమ్ములో ఆ ఖర్చులు పోగా మంచి మిగులే కనబడెను. ఆ కాగితమును చూచి మా ఆచార్యులు ఒకే మాట యడిగిరి: "మీ అమ్మగారు పొలమున పనిచేయరా?" మా అమ్మ నాట్లకు పోవును, కలుపు తీయును, కూలీలకు అన్నము వండి గట్టుమీదికి మోసికొనిపోవును. ఆ లెక్కలో ఆమె పేరు లేదు. మా తండ్రిగారి సొంత కష్టమునకును అందు చోటు లేదు.

ఈ శాస్త్రపు తొలి పాఠము నాకు ఆనాడే బోధపడెను. అందలి సంగతిని అంకెలలో చెప్పెదను. ఇవి కేవలము ఉదాహరణకై కల్పించిన అంకెలు. ఒక ఎకరమునకు చేతి నుండి పెట్టిన ఖర్చు 25,000 రూపాయలనుకొందము. పంట అమ్మగా 45,000 రూపాయలు వచ్చినవి. మిగులు 20,000. ఇంటివారి కష్టమునకు కూలి కట్టిన 7,000 అగును. అది తీసివేయగా మిగులు 13,000. సొంత భూమిని కౌలుకిచ్చియుండిన వచ్చెడి 13,000 రూపాయలును, సొంత మూలధనముపై 2,000 రూపాయల వడ్డీయును కలిపి లెక్కించినచో మిగులు పోయి 2,000 రూపాయల నష్టము తేలును. పొలము మారలేదు, పంట మారలేదు. మనము అడిగిన ప్రశ్న మాత్రమే మారినది.

శాస్త్రజ్ఞులు ఈ ఖర్చులకు వేర్వేరు పేర్లు పెట్టినారు. చేతి నుండి పెట్టిన ఖర్చులకు చెల్లించిన కౌలును చేర్చినది ఎ-2. దానికి కుటుంబశ్రమను కలుపుట రెండవ మెట్టు. సొంత భూమి కౌలును, సొంత మూలధనముపై వడ్డీని కూడ కలిపినది సి-2. ఇది పండితుల తర్కము మాత్రమే యని తలపరాదు. ఎం. ఎస్. స్వామినాథన్ గారి అధ్యక్షతన 2004లో ఏర్పడిన జాతీయ రైతు కమిషన్, కనీస మద్దతు ధర ఉత్పత్తి వ్యయముకంటె కనీసము నూటికి ఏబది వంతులు అధికముగా నుండవలెనని సిఫారసు చేసినది. 2018-19 కేంద్ర బడ్జెట్టులో వ్యయమునకు ఒకటిన్నర రెట్లు ధరగా ప్రకటింపబడినది. అయితే ఏ వ్యయమునకు? ప్రభుత్వము తీసికొన్నది ఎ-2తో కుటుంబశ్రమను కలిపిన లెక్క. రైతుసంఘములు కోరుచున్నది సి-2 లెక్క. మన ఉదాహరణలో మొదటి లెక్కకు ఒకటిన్నర రెట్లు 48,000 రూపాయలు, రెండవ దానికి 70,500 రూపాయలు. రెంటి నడుమ 22,500 రూపాయల అంతరము. ఒక నిర్వచనములో ఎన్ని సంసారముల బ్రతుకు ఇమిడి యున్నదో గమనింపుడు.

ఇక కౌలురైతు మాట. అతనికి కౌలు ఊహించి కట్టు అంకె కాదు, చేతి నుండి పోవు సొమ్ము. 25,000కు 13,000 కలిపిన 38,000. 45,000లో అది పోగా అతనికి మిగులునది 7,000 రూపాయలు. అనగా ఇంటిల్లిపాది చేసిన కష్టమునకు కూలి మాత్రమే. వాన తప్పినచో అదియు లేదు.

ఈ విద్య మనకు నిన్న మొన్న వచ్చినది కాదు. 1915లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు భారతీయార్థశాస్త్రమున తొలి ఆచార్యుడై వచ్చిన గిల్బర్ట్ స్లేటర్, విద్యార్థులను తమ గ్రామములకే పంపి, భూమి ఎవరిది, అప్పు ఎంత, కూలి ఎంత యని విచారించి వ్రాయించెను. ఆ వివరములు 1918లో గ్రంథరూపమున వెలువడినవి. నిడుబ్రోలు రైతుకుటుంబమున పుట్టిన ఆచార్య రంగాగారు ఆక్స్‌ఫర్డులో అర్థశాస్త్రము చదివి వచ్చి, మద్రాసులో ఆచార్యులై, పిదప రైతు ఉద్యమమునకు నాయకులైరి. 1964లో రాజేంద్రనగరమున వెలసిన వ్యవసాయ విశ్వవిద్యాలయము 1996లో వారి పేరు ధరించినది.

1954-55 నుండి కేంద్రప్రభుత్వము పలు రాష్ట్రములలో క్షేత్రనిర్వహణ పరిశోధనలు జరిపించెను. మన పశ్చిమగోదావరి జిల్లాయు వానిలో చేరినది. ఆ పరిశోధనలనుండి 1962లో అమర్త్యసేన్ ఒక చిత్రమైన సంగతిని ఎత్తి చూపెను: కుటుంబశ్రమకు కూలి కట్టినచో మన సేద్యములో చాల భాగము గిట్టుబాటు కానిదిగా తేలుచున్నది. అయినను చిన్నరైతు సేద్యము మానడు. ఏలయన, బయట పని దొరకుననెడి భరోసా లేని యింట, పొలములోని కష్టమునకు ఎవ్వరును వెల కట్టరు. మా ఆచార్యుల ప్రశ్నకు మూలము ఇదియే. 1975లో పటాన్‌చెరువునందలి ఇక్రిశాట్ సంస్థ, మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, డోకూరు మొదలగు గ్రామములలో పరిశోధకులను కాపురముంచి, కుటుంబముల ఆదాయవ్యయములను ఏండ్ల తరబడి వ్రాయించినది.

సేద్యము తరువాత వర్తకము. మిరప రైతు గుంటూరు యార్డుకు సరకు తెచ్చినాడు. ఆనాడు క్వింటాలు ధర 10,000 రూపాయలనుకొందము. ఆరు నెలలకు 11,000 అగునని ఊహ. శీతలగిడ్డంగిలో దాచవలెనా, అమ్మవలెనా? నూటికి నెలకు రూపాయి వడ్డీ అయిన ఆరు నెలలకు 600. అద్దె, బస్తా, రవాణా 400 అనుకొన్నచో, వేయి రూపాయల లాభము అక్కడికక్కడ సరి. రెండు రూపాయల వడ్డీ అయినచో వడ్డీయే 1,200, అనగా నష్టము. కావున సరకు నిలువచేయగల శక్తి రైతు తెలివిపై కంటె అతనికి అప్పు దొరకిన చోటుపై ఆధారపడి యున్నది. వ్యాపారనిర్వహణ చదువు విద్యార్థి మొదట గ్రహింపవలసిన సంగతి యిది.

మూడవది ప్రకృతి. బోరు వేసిన ప్రతి రైతు తన లెక్క ప్రకారము తెలివైనవాడే. కాని భూగర్భజలమునకు గట్లు లేవు. నేను తోడనిచో పొరుగువాడు తోడును. అందరును తెలివిగా తోడగా అందరి బోర్లును ఎండును. ఈ నష్టము ఏ రైతు ఖాతాలోను ముందుగా కనబడదు. కొల్లేటి కథయు ఇట్టిదే. సరస్సులో చెరువులు కట్టి చేపలు పెంచినవాని లాభము అతని ఖాతాలో చేరును. వరదనీరు ఉప్పుటేరునకు పోలేక పైపొలములు మునిగిన నష్టము మరియొకరి నెత్తిన పడును. 1999లో కొల్లేరు అభయారణ్యమైనది. 2006లో అక్రమముగా కట్టిన చెరువులను పగులగొట్టవలసి వచ్చినది. అప్పుడు చేపల పనిపై బ్రతికిన పేదలకు కలిగిన కష్టమును కూడ లెక్కలో చేర్చినవాడే నిజమైన అర్థశాస్త్రవేత్త.

దీనికి విరుగుడు లేకపోలేదు. ఇరువది యేండ్ల క్రిందట మన కరవు జిల్లాలలో రైతులే వానను, బావులలో నీటిమట్టమును కొలిచి, రబీకి ముందు ఊరందరు కూర్చుండి, ఉన్న నీటికి ఏ పంట తగునో లెక్క చూచుకొను పద్ధతి నడచినది. ఆజ్ఞ లేదు, జరిమానా లేదు. లెక్క మాత్రము అందరి కన్నుల యెదుట నుండెను. ఉమ్మడి వనరులను ప్రజలే కాపాడుకొనగలరని చూపిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. ఆ సత్యము మన రైతుల నోటు పుస్తకములలోను కలదు.

కావున తల్లిదండ్రులారా, మీ కుమారుడో కుమార్తెయో ఈ చదువు కోరినచో వెనుదీయకుడు. బ్యాంకులు, సహకారసంఘములు, వర్తకసంస్థలు, పరిశోధనాలయములు ఇట్టివారికి పని యిచ్చుచున్నవి. గణితము వచ్చి తీరవలెను, సంఖ్యాశాస్త్రమునకు జంకరాదు. అయితే గణితము మాత్రమే చాలదు. గట్టుమీద కూర్చుండి రైతు చెప్పునది ఓపికతో వినగల చెవి యుండవలెను. విద్యార్థులకు నాదొక మనవి: సెలవులలో ఇంటికి పోయినప్పుడు మీ యింటి లెక్క వ్రాయుడు. ఎవరి కష్టము అందు చేరలేదో వెదకుడు.

ఆ వేసవిలో నేను లెక్కను తిరుగ వ్రాసి ఇంట చదివి వినిపించితిని. మిగులు తరిగినందుకు మా తండ్రిగారు చాలసేపు మాటాడలేదు. మా అమ్మ మాత్రము, "నాది ఎంత వ్రాశావు నాయనా?" అని అడిగినది. చెప్పితిని. ఆమె ఆ అంకెను మరల చెప్పించుకొని విన్నది. మరుసటి యేటి నుండి మా తండ్రిగారి పద్దు పుస్తకములో ఆమె పేరున ఒక వరుస ఏర్పడినది. ఆ చదువెందులకని మా తండ్రిగారు నన్ను మరల అడుగలేదు.