బోర్డు గదిలో బస్తీ ఆడవాళ్ల మాట

(పాతబస్తీలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)



ఇళ్ల గురించి, కూల్చివేతల గురించి మాట్లాడమని నన్ను ఈ సమావేశానికి పిలిచారు. కంపెనీ బోర్డుల గురించి మాట్లాడతానంటే నిర్వాహకులు కొంచెం అనుమానంగానే చూశారు. డైరెక్టర్లు, మినిట్స్, ఆడిట్లు ఇవన్నీ షేర్లు కొనుక్కునేవాళ్ల గొడవలు కదా, బస్తీలో పనిచేసే మనకెందుకు అని. ఎందుకో చెప్పడానికే వచ్చాను.

ఆమధ్య పాతబస్తీలో ఒక బస్తీకి వెళ్లాను. ఇంట్లో కూర్చుని గాజులకు రాళ్లు అతికే పని చేసే ఒకామె నన్ను కూచోబెట్టి అడిగింది: "బాజీ, ఇల్లు పోతదంటున్నరు. అర్జీ ఎవరికియ్యాలె? కార్పొరేటర్‌నడిగితే నా చేతుల లేదంటడు. సర్వేకొచ్చినోళ్లనడిగితే రాసుకపోవుడే మా పని అంటరు. మరి ఎవరి చేతులున్నది?" దీని వెనక ఒక సర్కారు కంపెనీ ఉందని చెప్పాను. "ఆ కంపెనీ ఎవరిది?" అంది. ప్రభుత్వానిది, అంటే ప్రజలది, మనదే అన్నాను. ఆమె నవ్వింది. "మనదే అయితే మనల్ని అడగరా?" అంది.

నేను సోషియాలజీ చదువుకున్నదాన్ని. ఆ ప్రశ్నకు నా దగ్గర వెంటనే జవాబు లేదు. ఇవాళ నేను చెప్పేదంతా ఆ జవాబు వెతుక్కుంటూ పోగుచేసుకున్నదే.

ముందు కొంచెం చరిత్ర చూద్దాం. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరద గురించి ఈ ఊళ్లో తెలియనివాళ్లు లేరు. వేలమంది చనిపోయారు. ఆ తర్వాత 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డును పెట్టింది. రోడ్లు వెడల్పు చేయడం, ఇరుకు ఇళ్లను తీసేసి కొత్తవి కట్టడం దాని పని. ఇవాళ మనం చూసే పత్తర్‌గట్టీ రాతి కమానులు ఆ బోర్డు కట్టినవే. ఊరి నేలను కొనే, కూల్చే, కట్టే, అద్దెకిచ్చే అధికారం ఒక బోర్డు చేతిలో పెట్టడం ఈ నగరంలో అక్కడ మొదలైంది. రాచరికం కాబట్టి ఆ బోర్డులో ప్రజలెన్నుకున్నవాళ్లు లేరని మనం సరిపెట్టుకోవచ్చు.

కాని రాచరికం పోయాక ఏం జరిగింది? 1975లో పట్టణాభివృద్ధి సంస్థల చట్టం, దాని కింద హుడా వచ్చాయి. పాతబస్తీ వెనకబడి ఉందని 1981లో ప్రత్యేకంగా కులీ కుతుబ్ షా పట్టణాభివృద్ధి సంస్థ పెట్టారు. 2005లో ఔటర్ రింగ్ రోడ్డు కోసం హైదరాబాద్ గ్రోత్ కారిడార్ లిమిటెడ్ అనే కంపెనీ వచ్చింది. 2007లో మెట్రో రైలు కంపెనీ. 2008లో హుడాను, మరికొన్ని సంస్థలను కలిపి హెచ్.ఎం.డి.ఎ. చేశారు. 2017లో మూసీ రివర్‌ఫ్రంట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ లిమిటెడ్. ఈ వరసను జాగ్రత్తగా చూడండి. మొదట బోర్డు, తర్వాత చట్టబద్ధమైన అథారిటీ, ఆ తర్వాత లిమిటెడ్ కంపెనీ.

ఇదే కాలంలో మన ఉద్యమాలు ఇంకొకటి సాధించాయి. 74వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చింది. మునిసిపాలిటీల్లో మూడో వంతు స్థానాలు స్త్రీలకు కేటాయించారు. హైదరాబాద్‌లో అది సగానికి పెరిగింది. 2020 డిసెంబర్ జి.హెచ్.ఎం.సి. ఎన్నికల్లో 150 డివిజన్లలో సగం స్త్రీలకే కేటాయించారు. ఇది చిన్న విజయం కాదు. కాని స్త్రీలు కౌన్సిల్ హాల్లోకి అడుగుపెట్టే వేళకి నేలకు, నదికి, పెద్ద రోడ్లకు సంబంధించిన నిర్ణయాలు ఆ హాల్లోంచి లేచి వేరే గదుల్లోకి వెళ్లిపోయాయి. మనం మెట్లెక్కి గుమ్మం దాకా వచ్చేసరికి లోపలివాళ్లు సామాను సర్దుకుని ఇల్లు మారినట్టయింది. ఇది హైదరాబాద్‌లోనే జరిగింది కాదు. 2015లో కేంద్రం తెచ్చిన స్మార్ట్ సిటీ పథకంలో ప్రతి ఊరికీ ఒక కంపెనీ పెట్టమన్నారు. ఆ ప్రాజెక్టుల విషయంలో మునిసిపల్ కౌన్సిల్ తన హక్కుల్ని, బాధ్యతల్ని ఆ కంపెనీకి అప్పగించాలని మార్గదర్శకాల్లోనే ప్రోత్సహించారు. మన రాష్ట్రంలో వరంగల్, కరీంనగర్ ఆ దారిలోనే నడిచాయి.

కంపెనీ అయితే తేడా ఏమిటి అని మీరడగవచ్చు. కౌన్సిల్ సమావేశం బహిరంగంగా జరుగుతుంది. ప్రతిపక్షం అరుస్తుంది, పత్రికలవాళ్లు రాస్తారు. కంపెనీల చట్టం ప్రకారం బోర్డు ఏడాదికి కనీసం నాలుగుసార్లు కూర్చోవాలి. కాని తలుపు మూసుకునే కూర్చుంటుంది. బోర్డు మినిట్స్ చూసే హక్కు కంపెనీ చట్టంలో వాటాదారుడికే లేదు, ఇక బస్తీవాళ్ల సంగతి చెప్పేదేముంది! డైరెక్టర్లను ప్రభుత్వం నియమిస్తుంది. వాళ్లు ఎక్కువగా హోదా వల్ల వచ్చిన అధికారులు. బదిలీ అయితే కుర్చీ మారుతుంది, నిర్ణయం మాత్రం నిలిచిపోతుంది. అడిగితే "అప్పుడు నేను లేను" అంటారు.

ఇంకో సంగతి. 2024లో మూసీ కంపెనీ మేనేజింగ్ డైరెక్టర్ బాధ్యత పురపాలక శాఖ ముఖ్యకార్యదర్శి చేతిలోనే ఉంది. నేను వ్యక్తిని తప్పుపట్టడం లేదు. కంపెనీ ప్రతిపాదన పంపుతుంది, శాఖ పరిశీలించి ఆమోదిస్తుంది అని కదా కాగితం మీద ఏర్పాటు. రెండు కుర్చీల్లోనూ ఒకే మనిషి కూర్చుంటే పరిశీలన అనే మాటకు అర్థమేముంది?

ఈ కంపెనీల చేతిలో ఉన్నది చిన్న వ్యవహారం కాదు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద టోల్ వసూలు హక్కును 2023లో 30 ఏళ్లకు 7,380 కోట్ల రూపాయలకు ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించారు. ముప్పై ఏళ్లంటే ఇవాళ పుట్టిన ఆడపిల్ల తల్లయ్యేదాకా. మూసీ పథకం 55 కిలోమీటర్ల నదికి సంబంధించినది. 2024లో లక్షా యాభై వేల కోట్ల మాట పాలకుల నోటినుంచే వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో నది గర్భంలో ఉన్నాయన్న ఇళ్లమీద ఎర్ర రంగుతో గుర్తులు పెట్టారు. అక్టోబర్‌లో చాదర్‌ఘాట్, మూసానగర్, శంకర్‌నగర్‌లలో ఇళ్లు కూల్చడం మొదలైంది. కొందరికి మలక్‌పేట దగ్గర డబుల్ బెడ్‌రూం ఇళ్లిచ్చారు. నది బాగుపడవద్దని ఎవరూ అనరు. ఆ నది కంపు, దోమలు, వరద నీళ్లు అందరికంటే ఎక్కువ భరించింది ఆ ఒడ్డు ఆడవాళ్లే. ఎవరిని అడిగి, ఏ లెక్కతో, ఏ వరసలో బాగుచేస్తారన్నదే మన ప్రశ్న.

కంపెనీ నగరానిదైతే సరిపోతుందా? అహ్మదాబాద్‌ను చూద్దాం. అక్కడ 1997లో మునిసిపల్ కార్పొరేషనే సబర్మతి రివర్‌ఫ్రంట్ డెవలప్‌మెంట్ కార్పొరేషన్ లిమిటెడ్‌ను పెట్టింది. నది ఒడ్డును పూడ్చి నేల సంపాదించి, అందులో కొంత అమ్మి ఖర్చు రాబట్టుకోవాలన్నది లెక్క. అంటే నది పేరుతో నడిచే భూమి వ్యాపారం. ఒడ్డున వేలాది కుటుంబాలుండేవి. 2005లో వాళ్లు సంఘంగా గుజరాత్ హైకోర్టుకెళ్లాకగాని వాళ్ల పునరావాసం సంగతి గట్టిగా పట్టించుకోలేదు. చాలామందిని ఊరి అంచులకు పంపారు. ఇళ్లలో పాచిపని చేసుకునే స్త్రీకి ఇల్లు దూరమైతే పని పోయినట్టే. కాబట్టి కంపెనీ నగరానిదైనంత మాత్రాన చాలదు. ఇళ్లు పోయేవాళ్లకు బోర్డులో మాట ఉందా లేదా అన్నది చూడాలి.

కంపెనీల చట్టంలో మహిళా డైరెక్టర్ నియమం ఉంది కదా అని కొందరు మిత్రులంటారు. ఉంది. 2013 చట్టం 149వ సెక్షన్. స్టాక్ మార్కెట్లో నమోదైన ప్రతి కంపెనీలోను, వంద కోట్ల మూలధనం లేదా మూడు వందల కోట్ల టర్నోవర్ దాటిన పబ్లిక్ కంపెనీల్లోను కనీసం ఒక స్త్రీ ఉండాలి. ఈ కొలత గమనించారా? పెట్టిన డబ్బును కొలిచారు. కూలే ఇళ్లను కొలవలేదు. కొద్దిపాటి మూలధనంతో పెట్టిన కంపెనీ వేల కుటుంబాలను కదిలించవచ్చు, దానికి ఈ నియమం వర్తించకపోవచ్చు. ఒకవేళ స్త్రీ ఉన్నా, హోదారీత్యా వచ్చిన అధికారిణి అయితే ఆమె ప్రభుత్వం తరఫున మాట్లాడుతుంది. అది ఆమె ఉద్యోగం. మనం దాన్ని ప్రాతినిధ్యం అనుకుని చప్పట్లు కొట్టనక్కర్లేదు.

బోర్డులో మన మాట లేకపోతే నష్టం ఎక్కడ తగులుతుందో పాతబస్తీ మెట్రో దగ్గర చూడండి. 2024లో ఫలక్‌నుమా దగ్గర దానికి శంకుస్థాపన చేశారు. తేదీ మార్చి 8. మన రోజే! ఎం.జి.బి.ఎస్. నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు. 2025 జనవరిలో భూమికి గజానికి 81,000 రూపాయల లెక్కన చెక్కులివ్వడం మొదలైంది. మెట్రో రావాలని పాతబస్తీ ఏళ్లుగా అడుగుతోంది. కాని గజానికి కట్టిన చెక్కు, ఆ గజం ఎవరి పేరున ఉందో వాళ్లకు పోతుంది. ఇస్లాం వారసత్వ ధర్మంలో కూతురికి వాటా ఉంది, కొడుకు వాటాలో సగం. అయినా ఎన్ని ఇళ్లలో మ్యుటేషన్ అన్నదమ్ముల పేరున ఉండిపోయిందో మీకు నాకంటే బాగా తెలుసు. పుట్టింటి రాకపోకలు తెగిపోతాయని అక్కచెల్లెళ్లు నోరెత్తరు. హిందూ ఇళ్లలోనూ ఇంతే. ఇక అద్దె గదిలో జర్దోజీ కుట్టే ఆమెకు గజమే లేదు.

చట్టంలో ఆమెకు చోటు ఉంది. 2013 భూసేకరణ చట్టం 'ప్రభావిత కుటుంబం' అంటే యజమాని అని మాత్రమే అనలేదు. సేకరణకు మూడేళ్ల ముందునుంచి అక్కడ ఉంటూ, ప్రధాన జీవనాధారం దెబ్బతినే కౌలుదార్లను, చేతివృత్తులవాళ్లను కూడా కలిపింది. వితంతువులను, విడాకులు పొందిన స్త్రీలను, కుటుంబం వదిలేసిన స్త్రీలను వేరు కుటుంబాలుగా లెక్కించాలంది. సామాజిక ప్రభావ అంచనా చేయమంది. కాని భూమిని చర్చలతో, ఒప్పందాలతో తీసుకున్నప్పుడు, "ఇది నది గర్భం, మీకు హక్కే లేదు" అన్నప్పుడు ఈ రక్షణలు పక్కకు జరుగుతాయి. ఏ దారిన తీసుకోవాలో నిర్ణయించేది ఆ మూసిన గదుల్లోనే. అక్కడ "ఒంటరి ఆడవాళ్ల జాబితా ఏదీ?" అని అడిగే గొంతు ఒక్కటుంటే వేరేగా ఉండేది.

2024 చివర్లో మూసీ ఒడ్డునుంచి తరలించిన స్త్రీలను సంఘాల్లో చేర్చి రుణాలిస్తామని ప్రభుత్వం ముందుకొచ్చింది. తీసుకోవద్దని నేను చెప్పను, పూట గడవాలి. అయితే ఒక సంగతి మరచిపోవద్దు. అప్పు తీర్చే మనిషిగా స్త్రీని గుర్తించడం తేలిక. నిర్ణయం చేసే మనిషిగా గుర్తించడమే కష్టం.

మరి మనం చేయగలిగిందేమిటి? ఉన్న తలుపుల్నే తడదాం. ప్రభుత్వ కంపెనీ సమాచార హక్కు చట్టం కిందికి వస్తుంది. 2005 చట్టం 4వ సెక్షన్ ప్రకారం ఏ సంస్థ అయినా తన బోర్డులేమిటో, వాటి సమావేశాలకు ప్రజలు రావచ్చో లేదో, మినిట్స్ ప్రజలకు దొరుకుతాయో లేదో తనంతట తానే ప్రకటించాలి. ప్రజల మీద ప్రభావం చూపే నిర్ణయాల వాస్తవాలు కూడా ప్రకటించాలి. వాణిజ్య రహస్యం అంటారు. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఆ సాకు నిలవదని అదే చట్టం చెబుతోంది. రెండోది, కంపెనీ వార్షిక పత్రాలు, డైరెక్టర్ల పేర్లు కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర ఉంటాయి, రుసుము కట్టి ఎవరైనా చూడవచ్చు. మూడోది, ప్రభుత్వ కంపెనీ లెక్కలు కాగ్ చూస్తుంది. వార్షిక నివేదికను శాసనసభలో పెట్టాలి. ఏ ఏడాది నివేదిక పెట్టారు, ఏది పెట్టలేదు అని మన ఎమ్మెల్యేలతో సభలో అడిగించాలి.

వీటితో పాటు కొత్తగా అడగవలసినవి ఉన్నాయి. 2014 వీధి వ్యాపారుల చట్టంలో వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వ్యాపారులే ఉండాలి, వాళ్లను వాళ్లే ఎన్నుకోవాలి, అందులో మూడో వంతు స్త్రీలు. తోపుడుబండి విషయంలో సాధ్యమైంది ఇంటి విషయంలో ఎందుకు కాదు? భూమిని కదిలించే ప్రతి ప్రభుత్వ కంపెనీ బోర్డులోను ప్రభావిత బస్తీల స్త్రీలకు, వాళ్లే ఎన్నుకున్నవాళ్లకు, కనీసం రెండు స్థానాలుండాలి. ఒక్కటే అయితే సంతకానికి వాడుకుంటారు. రెండో మనిషి ఉంటే ఒకరి మొహం ఒకరు చూసుకునైనా "కాదు" అనగలుగుతారు. వాళ్లు ప్రతి సమావేశం తర్వాత బస్తీకొచ్చి చెప్పాలి. మినిట్స్ తెలుగులో, ఉర్దూలో వార్డు ఆఫీసులో అంటించాలి. శాఖ కార్యదర్శే కంపెనీ ఎం.డి.గా ఉండకూడదు.

ఇవన్నీ రేపే వస్తాయని కాదు. కాని మనం ఇంతకాలం బుల్డోజర్ వచ్చిన రోజున దాని ముందు కూర్చున్నాం. ఇక ముందూ కూర్చుంటాం. దానికి ఆరు నెలల ముందు జరిగిన సమావేశం గురించి కూడా తెలుసుకోవడం నేర్చుకోవాలి.

బయట బల్ల మీద సమాచార హక్కు దరఖాస్తు నమూనాలు పెట్టాం, తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి. ఒక్కటే ప్రశ్న రాశాం: మా బస్తీ గురించి మీ బోర్డు ఏ తేదీన, ఎవరెవరు కూర్చుని, ఏం నిర్ణయించింది? పది రూపాయల రుసుము, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. వెళ్లేటప్పుడు ప్రతి ఒక్కరూ మీ మీ బస్తీ పేరు రాసి ఒకటి నింపి వెళ్లండి. గాజుల పని చేసే ఆమె దరఖాస్తు రాయడానికి నేను ఈ సాయంత్రం వాళ్లింటికి వెళుతున్నాను.

సెలవు.