రాచోల్ అంటే మన రాయచూరే



మాది రాయచూరు దగ్గరి ఇడపనూరు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. చిన్నప్పుడు రాయచూరు కోట నాకు బస్సు కిటికీలోంచి కనిపించే గోడ, అంతే. ఆ గోడను నిలబడి చూడటం నేర్చుకున్నది దేశం దాటి వెళ్లాకే. పీహెచ్‌డీ చేస్తూ కొన్ని నెలలు ఒక విదేశీ విశ్వవిద్యాలయంలో ఉన్నాను. అక్కడ పోర్చుగీసు గుర్రాల వర్తకుడు ఫెర్నావో నూనిజ్ రాసిన విజయనగర వృత్తాంతం చదివాను. దాని రాతప్రతి పారిస్‌లో ఉంది. 1897లో లిస్బన్‌లో అచ్చయింది, 1900లో రాబర్ట్ సూయల్ ఇంగ్లీషులోకి తెచ్చారు. అందులో ‘రాచోల్’ అని పదే పదే వస్తుంటే ఎక్కడి ఊరో అనుకున్నాను. మన రాయచూరేనని తెలిసిన క్షణాన, ఆ చలిదేశంలో ఎవరో నన్ను ఇంటిపేరుతో పిలిచినట్టయింది.

1520లో కృష్ణదేవరాయలు బీజాపూరు వాళ్ల చేతిలోని ఈ కోటను ముట్టడించాడు. సైనికులు గోడ రాళ్లు పెకలిస్తుంటే, రాయి ఎంత పెద్దదైతే అంత ఎక్కువ పణాలిచ్చి దళపతులు కొన్నారట. అది చదివి ఆగిపోయాను. పడగొట్టిన రాయికి వెల కట్టారు సరే, మరి ఎత్తి పెట్టినప్పుడు?

తిరిగి రాగానే ఇంటికన్నా ముందు కోటకు వెళ్లాను. పడమటి గోడలో నలభై అడుగులు దాటిన ఒకే రాయి, దాని మీద 1294 నాటి తెలుగు శాసనం. కోట కట్టించిన విఠలనాథుడి పేరు అందులో ఉంది. దగ్గరలోనే గీసిన బొమ్మలో ఆకుల్లేని గట్టి చక్రాల బండి, దాని మీద ఆ రాయి, ముందు బారులు తీరిన దున్నపోతులు, వెనక చక్రాల కింద సన్నకోలలు దూర్చి నెడుతున్న మనుషులు. వాళ్ల పేర్లు ఏ అక్షరంలోనూ లేవు. కానీ చెక్కినవాడు వాళ్లను మరచిపోలేదు. నా పరిశోధన అంతా ఆ మనుషుల దగ్గరే మొదలైంది.

ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు రేపు లండన్‌కో హైడెల్‌బర్గ్‌కో వెళతారు. తప్పకుండా వెళ్లండి. విమానం ఎక్కే ముందు ఒక్కసారి ఆ రాయి దగ్గరికి రండి. ఎండ ఏటవాలుగా పడే వేళ అయితే అక్షరాలు బాగా కనిపిస్తాయి.