కంచన్ చౌదరి గారికి మన శాలువా

(మండల మహిళా సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశం, నవంబరు 2007. కార్యవర్గం తరఫున చదివిన ప్రసంగం.)



పొదుపు లెక్కలూ, బ్యాంకు లింకేజీ లెక్కలూ పొద్దున్నే చదివేశాం. ఇప్పుడు చెప్పబోయేది లెక్కల పుస్తకంలో లేని సంగతి. పోయిన నెల 31వ తేదీన ఒక పోలీసు అధికారి రిటైరయ్యారు. మన జిల్లా ఆవిడ కాదు, మన రాష్ట్రం ఆవిడా కాదు. ఉత్తరాఖండ్‌కి డీజీపీగా, అంటే ఆ రాష్ట్రంలో పోలీసులందరికీ పెద్దగా చేసిన కంచన్ చౌదరి భట్టాచార్య గారు. మనలో బదరీ, కేదార్ యాత్ర చేసొచ్చినవాళ్లు తిరిగింది ఆ రాష్ట్రంలోనే. 2004లో ఆవిడ ఆ కుర్చీలో కూర్చునేదాకా మన దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఆడమనిషి డీజీపీ కాలేదు.

"ఎక్కడో డెహ్రాడూన్‌లో ఆవిడ రిటైరైతే మనం సన్మానం చెయ్యడమేంటి?" అని కార్యవర్గంలోనే ఇద్దరు అడిగారు. అడగాల్సిన మాటే.

ఊరికి ఒకటో రెండో టీవీలున్న రోజుల్లో, 1989 ప్రాంతంలో, దూరదర్శన్‌లో 'ఉడాన్' అని హిందీ సీరియల్ వచ్చేది. మాటలు సగం అర్థం కాకపోయినా పంచాయతీ టీవీ ముందు కూర్చుని చూసినవాళ్లం మాలో ఉన్నాం. అందులో కల్యాణి అనే అమ్మాయి పట్టుబట్టి చదివి పోలీసు ఆఫీసరవుతుంది. అది కంచన్ గారి జీవితం చూసి అల్లిన కథ. రాసి, తీసి, కల్యాణి వేషం వేసింది ఆవిడ చెల్లెలు కవితా చౌదరి. సర్ఫ్ ప్రకటనలో లలితాజీ గుర్తుందా? ఆవిడే.

కంచన్ గారు పోలీసు ఉద్యోగం ఎందుకు కోరుకున్నారో తెలిస్తే మీకూ మాకూ గుండె పట్టేస్తుంది. ఆస్తి తగాదాలో వాళ్ల నాన్నగారి మీద దాడి జరిగింది. కేసు రాసుకోవడానికి పోలీసులు ముందుకు రాలేదు. మనమైతే ఏం చేస్తాం? ఆ గుమ్మం మళ్లీ తొక్కకూడదని ఒట్టు పెట్టుకుంటాం. ఆవిడ ఆ గుమ్మం లోపలికే వెళ్లారు. 1973లో ఐపీఎస్‌లో చేరారు. అంతకు ముందు ఏడాది చేరిన కిరణ్ బేడీ గారి తర్వాత దేశంలో రెండో మహిళ. ఉత్తరప్రదేశ్‌లో ఏళ్ల తరబడి పనిచేశారు, 1997లో రాష్ట్రపతి పతకం అందుకున్నారు, చివరికి ఉత్తరాఖండ్‌లో అందరికన్నా పై కుర్చీలో కూర్చుని దిగారు.

ఇక మన సంగతి. పోయినేడు మన సభ్యురాలు ఒకామె మొగుడు కొడితే చెయ్యి వాచి స్టేషన్‌కి వెళ్లింది. పొద్దున పదింటికి వెళ్తే దీపాలు పెట్టే వేళదాకా బల్ల మీద కూర్చోబెట్టారు. "వాణ్ణి లోపలేస్తే నీకూ నీ పిల్లలకీ కూడెవరు పెడతారు?" అన్నారట. కాగితం తీసుకోలేదు. ఏ స్టేషనో ఇక్కడ చెప్పం. అక్కడినుంచి ఆమె మన ఆఫీసుకొచ్చింది. మేమేం చేశాం? "కొన్నాళ్లు సర్దుకుపోమ్మా, వాయిదాలు కట్టాలి కదా" అన్నాం. అవును, మేమే అన్నాం. స్టేషన్లో వాళ్లన్నదానికీ మేమన్నదానికీ పెద్ద తేడా లేదు. ఆమె పుట్టింటికి పోయింది. నాలుగు నెలలు పొదుపు ఆగింది. మినిట్స్ పుస్తకంలో 'గైరుహాజరు' అని రాసి ఊరుకున్నాం.

తర్వాత సామాజిక కార్యాచరణ కమిటీ వాళ్లు గట్టిగా తగులుకుంటే పదకొండు మందిమి కలిసి ఆమెతో స్టేషన్‌కి వెళ్లాం. ఆ రోజు ఎఫ్ఐఆర్ రాశారు. తెలియక ఎంత పోగొట్టుకున్నామో అప్పుడు అర్థమైంది. ఇలాంటి నేరం గురించి నోటితో చెప్పినా రాసుకుని, చదివి వినిపించి, మన సంతకం తీసుకోవాలి. నకలు ఉచితంగా ఇవ్వాలి. రాసుకోమంటే, అదే ఫిర్యాదు ఎస్పీ గారికి పోస్టులో పంపొచ్చు. సాక్ష్యం అడగాలంటే ఆడవాళ్లని స్టేషన్‌కి రమ్మనకూడదు, వాళ్లే ఇంటికి రావాలి. ఇక గృహహింస చట్టం పోయినేడు అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. దాని కింద కొట్టినవాణ్ణి జైల్లో పెట్టించకుండానే, మనం ఉన్న ఇంట్లోంచి మనల్ని గెంటెయ్యకుండా కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. కూడెవరు పెడతారని అడిగినవాళ్లకి జవాబు ఆ చట్టంలోనే ఉంది. ఖర్చులకి డబ్బు కూడా ఇప్పించమని అడగొచ్చు.

ఒక్క ఆడమనిషి డీజీపీ అయితే దేశంలో బల్లలన్నీ మారిపోతాయని మేం అనుకోవడం లేదు. ఈ ఏడాదే ఢిల్లీ పోలీసు కమిషనర్ పదవి కిరణ్ బేడీ గారికివ్వకుండా ఇంకొకరికిచ్చారు. దారి ఇంకా ఇరుకే. కానీ నాన్న ఫిర్యాదుకి విలువ దక్కని ఇంటినుంచి వచ్చిన పిల్ల ఆఖరికి పోలీసులందరికీ పెద్దయి, గౌరవంగా దిగింది. ఆవిడ ఎవరో మనకి తెలుసని ఆవిడకి తెలియాలి. అందుకే ఈ సన్మానం.

శాలువా మన నేతగాళ్ల దగ్గరే కొన్నాం. దానితోపాటు పంపే ఉత్తరం తెలుగులో రాశాం, హైస్కూలు హిందీ టీచరమ్మ దాన్ని హిందీలోకి మార్చిపెట్టారు. డెహ్రాడూన్ పోలీసు ప్రధాన కార్యాలయం అడ్రసుకి రిజిస్టర్ పోస్టులో పోతుంది. ఖర్చు కార్యవర్గం చందా వేసుకుంది, సమాఖ్య డబ్బు పైసా వాడలేదు.

ఉత్తరం అదిగో, ఆ బల్ల మీదుంది. భోజనాలకి లేచేముందు అందరూ సంతకాలు పెట్టండి. వేలిముద్ర వేసేవాళ్లకి స్టాంప్ ప్యాడ్ బుక్‌కీపరు దగ్గరుంది. మొదటి సంతకం ఎవరిదో చూస్తే మీకే తెలుస్తుంది. ఆమె ఇవాళ పొద్దున అందరికన్నా ముందొచ్చి పెట్టింది.